చెరువులో కయాక్: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, వరంగల్, కాజీపేట మూడూళ్ళ నుంచి ఆదివారం తెల్లవారకముందే ఒక చెరువు కట్ట మీద కలిసే పదిహేను మందిమి మేము. మాది క్లబ్బు కాదు. బోర్డు లేదు, రసీదు పుస్తకం లేదు. నాలుగు కయాక్‌లు, ఆరు తెడ్లు, తొమ్మిది లైఫ్ జాకెట్లు ఉన్నాయి. మాలో ఒక టైలర్, ఇద్దరు డిగ్రీ పిల్లలు, బ్యాంకులో చేసే ఒక అక్క, రిటైరైన లెక్కల సారు ఉన్నారు. ఫోన్ చేసేవాళ్ళందరూ దాదాపు ఇవే అడుగుతున్నారు కాబట్టి రాసి పెడుతున్నాను.

ఏ చెరువు? పేరు ఎందుకు రాయలేదు?

ఒకసారి మావాళ్ళే ఒకరు ఫొటో పెట్టి, ఊరి పేరు రాశారు. ఆ తర్వాతి ఆదివారం నలభై మంది దిగారు. బిర్యానీ పొట్లాలు, స్పీకర్లు, డ్రోన్. సాయంత్రానికి కట్ట మీద కట్టమైసమ్మ గుడి చుట్టూ ప్లాస్టిక్ గ్లాసులే. వాటిని ఏరడానికి మాకు రెండు వారాలు పట్టింది, ఊళ్ళో పోయిన మాట తిరిగి రావడానికి ఇంకా ఎక్కువే పట్టింది. అందుకే పేరు లేదు. ఫోన్ చేస్తే చెప్తాం, రహస్యమేమీ కాదు. హన్మకొండ నుంచి అరగంట దారి.

కయాక్ అంటే బోటే కదా?

బోటే, కాకపోతే మీరు ఒక్కరే, మీ చేతుల బలంతోనే నడిపేది. ముందుకు కాళ్ళు చాపి, పోయే దిక్కుకే మొహం పెట్టి కూర్చుంటారు. తెడ్డుకు రెండు వైపులా రేకు ఉంటుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒకే వైపు రేకున్న తెడ్డుతో నడిపేది కెనూ. ఒలింపిక్స్‌లో కే-1, సి-1 అని కనిపిస్తాయి చూడండి, కే అంటే కయాక్, సి అంటే కెనూ. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నుంచి ఈ పోటీలు ఉన్నాయి.

కయాక్ మంచు దేశాల బండి. ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనం కట్టెతో, తిమింగలం ఎముకలతో చట్రం కట్టి, పైన సీల్ తోలు కుట్టి, దాని మీద వేటకు పోయేవాళ్ళు. మనవన్నీ ప్లాస్టిక్‌వి. మా దగ్గర ఉన్నవి పైన కూర్చునే రకం, ఒక్కోటి పాతిక కిలోల దాకా బరువు. కూర్చునే చోట ఆరపార బొక్కలుంటాయి. కొత్తవాళ్ళు అది చూసి "బొక్క పడ్డ పడవ ఇచ్చారేంటి" అంటారు. పైన పడ్డ నీళ్ళు కిందికి కారిపోవడానికే అవి. పడవ తేలేది లోపల మూసి ఉన్న గాలి వల్ల. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్ళ మీద తేలుతుందని చిన్నప్పుడు మనందరికీ చెప్పారు కదా, దాని కిటుకు కూడా ఇదే: ఇటుక నిండా చిన్న చిన్న రంధ్రాలు, వాటిలో గాలి.

భద్రకాళి చెరువులో ఎందుకు నడపరు? ఊళ్ళోనే ఉంది కదా.

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. అడిగేవాళ్ళ తప్పు కూడా కాదు. పొద్దున బండ్ మీద వాకింగ్ చేస్తుంటే ఎదురుగా గుట్టలు, గుడి, ఆ నీళ్ళు చూస్తే ఎవరికైనా దిగాలనిపిస్తుంది. కానీ 2024 నవంబర్‌లో చెరువు నీళ్ళు వదిలేసి పూడికతీత మొదలుపెట్టారు. కాకతీయుల కాలం నాటి చెరువు, అడుగున ఎన్నేళ్ళ బురదో. పైగా అది పట్నం నడిమధ్య చెరువు, గుడి చెరువు. అధికారులు పద్ధతిగా అనుమతి ఇచ్చి, ఒక చోటు గీసి చూపిస్తే తప్ప మనంతట మనం దిగేది కాదు.

వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువులు మంచినీళ్ళవి. ఆ నీళ్ళే మన నల్లాల్లోకి వస్తాయి. వాటి జోలికి పోం.

అయితే ఊరి చెరువులో దిగడానికి ఎవరిని అడగాలి?

చెరువు ఒకరిది కాదు. కట్ట, తూము, మత్తడి (చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే చోటు) నీటిపారుదల శాఖవి. చేపలు మత్స్య సహకార సంఘానివి. నీళ్ళు ఆయకట్టు రైతులవి. నీళ్ళు తగ్గాక బయటపడే శిఖంలో కొందరికి పట్టాలు కూడా ఉంటాయి. మేము ముందు సర్పంచ్ దగ్గరికి పోయాం. ఆయన నవ్వి "నన్నెందుకు అడుగుడు, సంఘపోళ్ళనడుగురి" అన్నాడు. సంఘం పెద్దమనుషులు ఒక సాయంత్రం కూర్చోబెట్టి అన్నీ అడిగారు: మోటారు ఉంటదా, చేపలు పడ్తరా, తాగుతరా. మూడింటికీ లేదన్నాం. ఆ మూడు మాటల మీదే ఇప్పటిదాకా నడుస్తోంది.

చేపలు పట్టేవాళ్ళతో గొడవలు రావా?

వచ్చింది, నా వల్లే. మొదటి నెల. పొద్దున్నే పొగమంచులో పోతుంటే నీళ్ళ మీద ఖాళీ వాటర్ బాటిళ్ళు వరసగా తేలుతున్నాయి. ఎవరో చెత్త పారేశారనుకుని వాటి మధ్య నుంచి పోనిచ్చాను. తెడ్డు పైకి రాలేదు. గట్టిగా గుంజాను. వచ్చింది, దాంతో పాటు రెండు బారల వల చిరిగి వచ్చింది.

దూరం నుంచి ఒక కాక తన తెప్ప మీద వచ్చాడు. తెప్ప అంటే థర్మకోల్ దిమ్మలు బస్తాలో కుట్టి తాళ్ళతో కట్టింది, చేతిలో పళ్ళెం అంత చెక్క, అదే తెడ్డు. అరవలేదు. వల నా చేతిలోంచి తీసుకుని, కన్ను కన్నుగా విడిపించి, ఒడ్డుకు రమ్మన్నాడు. కట్ట మీద కూర్చుని కాలి బొటనవేలికి ఒక కొస తగిలించుకుని, చిరిగిన చోట నైలాన్ దారంతో ముళ్ళు వేస్తూ అన్నాడు: "ఇది దారం కాదు సారు. రెండ్రోజుల కూలి." ఎంతివ్వమంటావు కాకా అంటే దారం ఖరీదు చెప్పాడు. కూలి అడగలేదు. ఆ రోజు నేను ఎంత ఇచ్చినా తక్కువే.

వల ఎక్కడుందో ఎలా చూడాలో అప్పుడు చెప్పాడు. బాటిళ్ళ వరస అంటే వల. ఆ వరస కొసన ఒక గడ పాతి ఉంటుంది, గడకు అవతలి నుంచి తిరిగి పోవాలి. బాటిల్ ఒకటే తేలుతూ ఉంటే కింద బుట్ట ఉండొచ్చు. ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా మొదటి పాఠం ఇదే, తెడ్డు పట్టడం తర్వాత.

వానాకాలంలో చెరువులో చేపపిల్లలు వదులుతారు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ. నీళ్ళు తగ్గే కాలంలో సంఘం అంతా కలిసి వలలు వేసే రోజులుంటాయి. ఆ రోజుల్లో మా పడవలు షెడ్డులోనే. మేము సంచులు పట్టుకుని పోతాం, చేపలు కొనుక్కోవడానికి.

ఈత రాదు. రావొచ్చా?

రావొచ్చు, జాకెట్ వేసుకుని, నడుము లోతు దాటకుండా. కానీ నెలలో ఈత నేర్చుకోండి. హన్మకొండలో స్విమ్మింగ్ పూల్ ఉంది, అక్కడ నేర్చుకుని వచ్చినవాళ్ళు మాలో నలుగురు. అయితే ఒక మాట. చెరువులో ప్రమాదం ఈత రానివాళ్ళకే అనుకోకండి. "నాకు ఈతొచ్చు" అని జాకెట్ విప్పి పడవలో పడేసేవాళ్ళంటేనే నాకు ఎక్కువ భయం. బావిలో ఈత కొట్టినవాడికి చెరువు అడుగు తెలియదు. మట్టి తవ్విన గుంతలు, పాత బావులు, సర్కారు తుమ్మ మొద్దులు, అన్నీ నీళ్ళ కిందే.

లైఫ్ జాకెట్ తప్పనిసరా? ఉక్క పోస్తుంది కదా.

తప్పనిసరి. ఉక్క పోస్తుంది, నిజమే. అయినా సరే.

మేము మొదట ఆన్‌లైన్‌లో చౌకగా మూడు కొన్నాం. నారింజ రంగు, బెల్టులు, విజిల్, చూడ్డానికి బాగున్నాయి. లెక్కల సారుకు అనుమానం వచ్చి, తెలిసిన కిరాణా కొట్టు నుంచి 5 కిలోల తూకం రాయి తెచ్చి, జాకెట్‌కు కట్టి ఒడ్డు దగ్గర వేశారు. గులకరాయిలా మునిగింది. పెద్దవాళ్ళకు వాడే జాకెట్‌కు కనీసం 50 న్యూటన్ల తేలే శక్తి ఉండాలి, అంటే నీళ్ళలో సుమారు 5 కిలోల బరువును పైకి పట్టుకోవాలి. మనిషి తల నీళ్ళ పైన ఉండటానికి అంత చాలు, ఒళ్ళు మిగతా భాగం నీళ్ళే మోస్తాయి. ఆ మూడు జాకెట్లు ఇప్పుడు కూర్చునేచోట మెత్తకు పనికొస్తున్నాయి. తర్వాత కొన్నవన్నీ రాయి పరీక్ష పాసయ్యాకే వాడుతున్నాం.

బెల్టులు బిగించాక వెనక నుంచి ఎవరైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగాలి. చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టు.

బోల్తా పడితే?

పడతారు. మొదటి రోజే కావాలని పడేస్తాం, నడుము లోతు నీళ్ళలో. పైన కూర్చునే రకం కాబట్టి ఇరుక్కోరు, పక్కకు జారి నీళ్ళలో పడతారంతే. తెడ్డు వదలొద్దు. పడవ బోర్లా పడి ఉంటే, అవతలి అంచు పట్టుకుని మీ వైపు గుంజితే తిరుగుతుంది. ఇక ఎక్కడం. చాలామంది నిచ్చెన ఎక్కినట్టు మోకాలు పెట్టబోతారు, పడవ మళ్ళీ బోర్లా పడుతుంది. అలా కాదు. పడవ నడిమిట్ల రెండు చేతులూ వేసి, కాళ్ళు నీళ్ళ మీదికి తేల్చి తపతపా కొడుతూ, పొట్ట మీద అడ్డంగా పడండి. గోడ దూకి జామకాయలు కోసిన అనుభవం ఉంటే ఇదే పద్ధతి. బొడ్డు సీటు మీదికి వచ్చాక ఒత్తిగిలి వెల్లకిలా తిరగండి, ముడ్డి సీట్లో పడుతుంది. ఆఖర్న కాళ్ళు. మూడోసారికి వస్తుంది. నవ్వు ఆగితే రెండోసారికే.

చేతులు నొప్పి పుట్టవా?

చేతులతో నడిపితే పుడతాయి. నడపాల్సింది నడుముతో. కవ్వం తాడు గుర్తుందా? చల్ల చిలికేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి గుంజుతుంటే రెండోది ముందుకు పోతుంది, పైఒళ్ళంతా అటూ ఇటూ తిరుగుతుంది. అచ్చం అంతే. తెడ్డును కాలి మడమ దగ్గర నీళ్ళలో ముంచి, తుంటి దగ్గరికి రాగానే తీసేయాలి. ఇంకా వెనక్కి లాగితే పడవ ముందుకు పోదు, పక్కకు తిరుగుతుంది. పిడికిలి బిగించొద్దు. బిగిస్తే రెండో రోజు చాయ్ గ్లాసు కూడా పట్టుకోలేరు.

తిరగాలంటే తెడ్డును ముక్కు నుంచి తోక దాకా వెడల్పుగా అర్ధచంద్రంలా ఊడ్చండి. ఆగాలంటే తెడ్డును వెనక ముంచి ముందుకు తొయ్యండి. ఈ మూడు వస్తే చెరువుకు చాలు.

ఏ కాలం, ఏ టైం మంచిది?

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర. మార్చి దాటితే ఎనిమిదికే ఎండ చురుక్కుమంటుంది. మే నెల మధ్యాహ్నాల సంగతి మనకు ఒకరు చెప్పాలా? ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఇంకో ముప్పు గాలివాన. పడమర నల్లబడి, గాలి ఒక్క క్షణం ఆగిందంటే ఒడ్డుకు వచ్చేయండి. ఉరుము వినబడ్డాక నీళ్ళ మీద ఉండేది లేదు, చెరువు నడుమ పిడుగుకు మీకంటే ఎత్తైనది ఏదీ ఉండదు.

గాలి గురించి కాక చెప్పిన సూత్రం ఒకటే: "పొయ్యేటప్పుడు గాలికి ఎదురు పో. వచ్చేటప్పుడు గాలే తెస్తది." దీన్ని తిరగేసి చేసిన ఇద్దరు డిగ్రీ పిల్లలు అవతలి ఒడ్డు నుంచి పడవలు నెత్తిన పెట్టుకుని పొలం గట్ల వెంట మూడు కిలోమీటర్లు నడిచొచ్చారు.

మత్తడి దుంకేటప్పుడు చెరువు బాగుంటుంది కదా, అప్పుడు వద్దంటారేంటి?

చూడ్డానికి బాగుంటుంది. కట్ట మీద నిలబడి చూడండి. మత్తడి వైపు నీళ్ళు పైకి కదలనట్టే ఉంటాయి, దగ్గరికి పోయాక తెడ్డు వేసినా వెనక్కి రాదు. తూము తెరిచినప్పుడు దాని ముందు కూడా అంతే, నీళ్ళు కిందికి గుంజుతాయి. రెండు చోట్లకూ ఎప్పుడూ దూరమే. తూము ఎప్పుడు తీస్తారో ఊరి నీరటిని అడిగి దిగుతాం.

2023 జులై మర్చిపోయారా? ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి మునిగింది. పట్నంలో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. మేము ఆ వారం మా జాకెట్లన్నీ సహాయానికి పోయేవాళ్ళకు ఇచ్చేశాం. వాటిలో రెండు తిరిగి రాలేదు, అడగనూ లేదు.

జులై నుంచి సెప్టెంబర్ దాకా చెరువు నిండుతూ ఉన్నంత కాలం దిగం. ఆ నెలల్లో పడవలు కడిగి, తాళ్ళు మార్చుకుంటాం.

నీళ్ళు శుభ్రమేనా?

ఊరి చెరువు నీళ్ళు తాగేవి కావు. పొలాల మందులు వానకు కొట్టుకొస్తాయి, బర్లు దిగుతాయి. కాళ్ళకు పుండ్లు, కోతలు ఉంటే ఆ వారం రావొద్దు. వరద తర్వాత ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే జ్వరం ఒకటుంది, అందుకే కొత్త నీళ్ళలోకి తొందరపడం. ఇంటికి పోయి సబ్బుతో స్నానం చేయండి, చెవులు తుడుచుకోండి. గుర్రపుడెక్క కమ్మిన చోటికి పోతే తెడ్డు వేయలేరు, దోమలు మాత్రం మిమ్మల్ని బాగా చూసుకుంటాయి.

ఇంకొకటి, ఇది ఎక్కడా రాసి ఉండదు: శిఖంలో రైతుల మోటార్లు, వాటి వైర్లు. కట్టెల మీద వేలాడుతూ, ఒక్కోసారి నీళ్ళకు తగులుతూ ఉంటాయి. వైరు కనబడితే ఇరవై గజాల దూరం నుంచే తిరిగిపోవాలి. దీనిలో చర్చ లేదు.

బతుకమ్మ, వినాయక నిమజ్జనం రోజుల్లో?

నిమజ్జనం నుంచి నెల దాకా ఆ ఒడ్డు వైపు పోం. విగ్రహాలు కరిగాక ఇనుప చువ్వలు, కట్టెలు నీళ్ళ కింద మిగులుతాయి.

బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రాలు చెరువు ఆడవాళ్ళది. మేము ఉండం. సద్దుల బతుకమ్మ తెల్లారి మాత్రం వెళ్తాం, ఆ ఒక్క పొద్దు కోసం ఏడాదంతా ఎదురుచూస్తాను నేను. చెరువు సగం దాకా గునుగు, తంగేడు, బంతి. పడవ ముక్కు వాటిని చీల్చుకుంటూ పోతుంటే చప్పుడే ఉండదు. తెడ్డు పైకి లేపితే రేకుకు తంగేడు పూలు అతుక్కుని వస్తాయి. బ్యాంకు అక్క ఆ రోజు తన ఇంటి బతుకమ్మ గుమ్మడి పువ్వు వెతుకుతానంటుంది, ఎప్పుడూ దొరకలేదు. పూలు అలాగే ఉంచి, మధ్యలో చిక్కుకున్న ప్లాస్టిక్ కవర్లు, అగరబత్తి డబ్బాలు ఏరుకొస్తాం. ఒకసారి స్టీలు తాంబాళం దొరికింది, అడుగున పేరు చెక్కి ఉంది. ఊళ్ళో ఇచ్చి వచ్చాం.

ఆడవాళ్ళు వస్తారా? బట్టల సంగతి?

ఐదుగురు వస్తున్నారు. ట్రాక్ ప్యాంటు, ఒంటికి పట్టిన టీషర్టు బాగుంటుంది. కుర్తా అయినా ఫరవాలేదు, చున్నీ మాత్రం వద్దు, జీన్స్ అసలు వద్దు, తడిస్తే బరువు. బట్టలు మార్చుకోవడానికి సంఘం గది తాళంచెవి ఇస్తున్నారు.

పిల్లల్ని తేవచ్చా?

పదేళ్ళు దాటితే, తల్లిదండ్రుల్లో ఒకరు ఒడ్డున ఉంటే. పిల్లల కొలత జాకెట్లు మా దగ్గర రెండే ఉన్నాయి, కాబట్టి ముందు చెప్పండి.

లక్నవరం, రామప్ప, పాకాల, కరీంనగర్ డ్యామ్‌కు తీసుకుపోతారా?

లక్నవరంలో పర్యాటక శాఖ బోటింగ్ ఉంది, అక్కడ వాళ్ళ పడవలు, వాళ్ళ నియమాలు. వేలాడే వంతెన కింద నుంచి మన పడవ పోనిస్తే బాగుండునని అందరికీ ఉంటుంది, పోనివ్వరు. రామప్ప చెరువు నాకు వీటన్నిటికంటే ఇష్టం, 2021లో గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. పాకాల 1213 ప్రాంతంలో గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు, అభయారణ్యం లోపల ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా ఆ నీళ్ళ మాటే ఎత్తొద్దు. మొసళ్ళు కూడా ఉన్నాయి. కరీంనగర్ దిగువ మానేరు 24 టీఎంసీల డ్యామ్, సముద్రంలా ఉంటుంది. గాలి లేస్తే అలలు కూడా అలాగే. కొత్తవాళ్ళకు కాదు.

డబ్బులెంత? సొంతది కొనాలా?

ఫీజు లేదు. పడవలు మోసే డీసీఎం వ్యాను కిరాయి, రిపేర్లు తలా ఇంత వేసుకుంటాం. కొనడం గురించి ఆరు నెలల తర్వాత ఆలోచించండి. కొన్నాక అసలు కష్టం అది పెట్టుకునే చోటు. పది అడుగుల పడవ రెండో అంతస్తు అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కదు, మా టైలరన్న ప్రయత్నించాడు. ఇప్పుడు అది ఆయన షాపులో పైకప్పుకు వేలాడుతోంది, కింద జాకెట్లు కుడుతుంటాడు.

రెండు గంటలు తెడ్డు వేస్తుంటే బోర్ కొట్టదా?

కొందరికి కొడుతుంది, రెండోసారి రారు. మిగతావాళ్ళు సగం సేపు తెడ్డే వెయ్యరు. నీటికాకులు తుమ్మ మొద్దు మీద రెక్కలారబెట్టుకుంటాయి, లకుముకి పిట్ట దబ్బున దూకుతుంది, ఎక్కడో బట్టల చప్పుడు, బస్సు హారన్. లెక్కల సారు పడవలో వెనక్కి వాలి నిద్రపోతారు. గాలి మెల్లగా ఆయన్ను తామరాకుల్లోకి తోస్తుంది, ఎవరో ఒకరు పోయి తాడు కట్టి లాక్కొస్తారు.

ఈ ఆదివారం రావాలంటే ఏం తెచ్చుకోవాలి?

ఇంకో జత బట్టలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, టోపీ, లీటరు నీళ్ళు. కళ్ళద్దాలకు తాడు కట్టుకోండి, చెరువు అడుగున మావి మూడు జతలున్నాయి. ఫోన్ ఒడ్డున పెట్టండి. లేదా రెండు కవర్లలో చుట్టండి, ఒకటి చాలదు, నాకు తెలుసు. పొద్దున ఐదూ ముప్పావుకు కట్ట మీద మర్రిచెట్టు కింద ఉండాలి. టిఫిన్ తర్వాత ఊళ్ళోనే, ఇడ్లీ బండి దగ్గర. కాకకు చాయ్ చెప్పేటప్పుడు చక్కెర వద్దనండి. డాక్టర్ మానేయమన్నాడు, ఆయన మాత్రం చెప్పడు.